హారికవ్వ చెయ్యి, యాభై ఎనిమిది మెట్లు

ప్రకటన

కొత్త ఓరుగల్లు నగరవాసులకు, వారి బంధుమిత్రులకు, వారి మేకలకు తెలియజేయునది ఏమనగా: నేటి నుండి తొమ్మిదో నంబరు పాదచారుల వంతెనపై తుమ్మదలచినవారు కుడివైపు తిరిగి మాత్రమే తుమ్మవలెను. ఎడమవైపు తుమ్ములు చెల్లవు. మెట్ల మీద కూర్చుండి పేలు చూసుకొనుట సోమ, గురువారములకు పరిమితము. చెప్పు తెగినవారు తెగిన చెప్పును ఇరవయ్యో మెట్టు మీద వదలి పోరాదు. ఇప్పటికే అక్కడ తొమ్మిది కలవు, ఏ రెండూ జత కావు. ఈ నిబంధనలు మీరినవారి ఇంటిపేరు మూడుసార్లు గట్టిగా పిలవబడును.

ఇట్లు, గుండెబోయిన విహాన్, వంతెన సంరక్షకుడు, ఏడో తరగతి. ఫెయిలు కాలేదు, మానేసితిని.

1వ రోజు

పై ప్రకటన నేనే రాసి, నేనే ముద్ర కొట్టి, మెట్ల మొదట్లో అతికించాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పక్కనే నిలబడి చూశాను. ఒక్కరూ చదవలేదు. చదవాలంటే వంతెన దాకా రావాలి, మా జనం రారు.

ఈరోజు ఎక్కినవారు ముగ్గురు: నేను, ఒక పిల్లి, గొడుగు పైన మరిచిపోయి మళ్లీ నేను. లిఫ్టు కూడా ఉంది. అందులో రెండేళ్లుగా ఒక నిచ్చెన, మూడు పెయింటు డబ్బాలు కాపురం ఉంటున్నాయి.

లాగ్‌లో ఉన్నదున్నట్టు రాయాలని నడక శాఖవారు చెప్పారు కాబట్టి ఈ ఉద్యోగం నాకెలా వచ్చిందో కూడా రాస్తున్నాను. పోయిన నెల ఒక దిష్టిబొమ్మకు మా ఆర్యన్ బావ చొక్కా తొడిగి, కుడిచెయ్యి ముందుకు చాపి, రోడ్డు పక్కన నిలబెట్టాను. డొల్లలన్నీ ఆగిపోయాయి. డొల్ల అంటే తోలేవాడు లేని బండి. లోపలివాళ్లు గుర్రు పెడుతుంటారు, బండి తన దారి తాను చూసుకుంటుంది. మనిషి అరచెయ్యి చూపిస్తే ఆగాలని తాతల కాలంలోనే వాటికి నేర్పారు. నా దిష్టిబొమ్మ చెయ్యి దించదు కాబట్టి రెండు వందల పన్నెండు డొల్లలు మూడు గంటలపాటు దాని ముందు భక్తిగా నిలబడ్డాయి. ఒక పెళ్లికొడుక్కి ముహూర్తం దాటిపోయింది. పెళ్లికూతురు నాకు లడ్డూలు పంపింది. నగరపాలకులు మాత్రం శిక్ష వేశారు: ఏడాదిపాటు వంతెన కాపలా.

యాభై మూడేళ్ల వయసులో నాకు మొదటి ప్రభుత్వోద్యోగం.

2వ రోజు

నడక శాఖ నుంచి శ్లోక మేడం డొల్లలో వచ్చింది. సన్నటి మనిషి, ఇస్త్రీ చీర, చేతిలో పలక.

"విహాన్ గారూ, పోయిన వారం ఈ వంతెన ఎంతమంది ఎక్కారు?"

"మనుషులా మేడం?"

"మనుషులే."

"అయితే తక్కువే."

నవ్వలేదు. నవ్వడానికి వాళ్లకు వేరే సెక్షన్ ఉన్నట్టుంది. ఆమె చెప్పిన సంగతి ఇది. సరిగ్గా ముప్పై ఒకటో రోజు ఉదయం పది గంటల నుంచి ఈ రోడ్డు మీద దండబండ్లు తిరుగుతాయి. నలభై సరుకు డొల్లలను పూసల్లా గుచ్చి ఒకే బండి చేశారట. వేగం గంటకు నూట ఎనభై.

"చెయ్యి చూపిస్తే?" అన్నాను.

"చూస్తుంది. వెంటనే బ్రేకు కూడా వేస్తుంది. కానీ అంత బరువు ఆగడానికి తొమ్మిది వందల మీటర్లు కావాలి."

"అంటే మనిషి ముందు ఆగదు."

"ఆగుతుంది విహాన్ గారూ. మనిషి తర్వాత ఆగుతుంది."

అప్పుడు నాకూ నవ్వు రాలేదు. కంచె కట్టొచ్చు కదా అన్నాను. ఇప్పటికి మూడు కట్టామంది. మొదటిది మేకల కొట్టమైంది, రెండోది బాల్కనీలకు పోయింది, మూడోది ఎటు పోయిందో విచారణ జరుగుతోంది. నేను ఆకాశం చూశాను. మూడోదాని మీద మా ఇంట్లో బట్టలు ఆరేస్తాం.

ఆమె పోయాక లెక్క వేసుకున్నాను. ఇంకా ఇరవై తొమ్మిది రోజులు. నా కళ్ల ముందు మాత్రం ఒకే మనిషి కనబడింది, హారికవ్వ.

4వ రోజు

హారికవ్వకు డెబ్బై తొమ్మిదేళ్లు. రోడ్డుకు ఇటుపక్క తన ఇంట్లో సర్వపిండి కాలుస్తుంది. అటుపక్క మగ్గాల షెడ్డులో పనిచేసేవాళ్లు అది తింటారు. ఆ లెక్కన రోజుకు ఆరుసార్లు రోడ్డు దాటుతుంది. నెత్తిన గంప, ఎడమచెయ్యి గంపకు, కుడిచెయ్యి బండ్లకు. మొహం మాత్రం బండ్ల వైపు తిప్పదు. తిప్పితే అది అడుక్కోవడమట. చెయ్యి చూపి ఎటో చూస్తూ పోవాలి, అదీ పద్ధతి. మా పేటలో అందరికీ ఆ పద్ధతి నేర్పింది ఆమే. నాకు అన్నం కలిపి పెట్టి పెంచింది కూడా ఆ చెయ్యే. మా అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు.

గంప దించగానే చెప్పాను.

"అవ్వా, నెల తిరిగినంక దండబండ్లొస్తయట. చెయ్యి జూపినా ఆగయట. మెట్లెక్కాలె."

"ఎవలు జెప్పిన్రు?"

"నడక శాఖోల్లు."

"ఆల్లు నడుస్తరా?"

"లేదవ్వా, డొల్లల్ల తిరుగుతరు."

"మరి ఆల్లకేం ఎరుకరా?" అని ఒక సర్వపిండి నా నోట్లో కుక్కింది. "నా చెయ్యి జూసి లారీలాగినయ్. మీసాలున్న డ్రైవర్లాగిన్రు. తాగినోల్లు గూడ ఆగి, దిగి, దండం బెట్టి పోయిన్రు. ఈ తలకాయ లేని డబ్బాలు ఆగవా?"

నోరు నిండా సర్వపిండి ఉన్నవాడు వాదనలో ఎప్పుడూ ఓడిపోతాడు.

5వ రోజు

మా జనం వంతెన ఎందుకెక్కరో ఈరోజు శాస్త్రీయంగా పరిశోధించాను, అంటే చాయ్ బండి దగ్గర కూర్చున్నాను.

మెట్లు ఎక్కువ కావడం ఒక కారణం, ఒక్కోవైపు యాభై ఎనిమిది. అసలు కారణం గొంతు. వంతెన ఎంత బరువు మోస్తోందో తెలియడానికి రెండు చివర్లలో మొదటి మెట్టు కింద కాటా పెట్టారు. అంతవరకు బాగుంది. ఏ మహానుభావుడో ఆ కాటాకు గొంతు కూడా పెట్టాడు. ఎక్కగానే అది చాయ్ బండి దాకా వినబడేలా చెబుతుంది.

రెండేళ్ల కింద ఆర్యన్ బావ ఒక్కసారి ఎక్కాడు. బావకు క్షౌరశాల ఉంది, పదిమంది వచ్చిపోయే మనిషి. కాలు పెట్టగానే వంతెన, "స్వాగతం. నూట నాలుగు కిలోలు," అంది. ఆరోజు నుంచి బావను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. "నూటనాలుగు దగ్గర కటింగ్ చేయించుకున్నా" అంటారు.

6వ రోజు

గొంతు పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉందని ఈరోజే గుర్తొచ్చింది. తెరిచాను. లోపల చిన్న చక్రం, దాని మీద 'సవరణ' అని రాసి ఉంది. తిప్పాను. పదకొండు దగ్గర టక్కుమని ఆగింది. అంతకంటే ముందుకు పోలేదు, పోతే నేనూ ఆగేవాణ్ని కాదు.

బావను పిలిచాను.

"బావా, ఒక్కసారి ఎక్కు."

"నీ మొహం. మల్ల ఆ ఆడగొంతుతోని తిట్టిస్తవా?"

"ఎక్కితే వారం దినాలు నీ మీద జోకెయ్య."

వారం రోజులంటే బావకు పెద్ద పండుగ. కళ్లు మూసుకుని కాలు పెట్టాడు.

"స్వాగతం. తొంభై మూడు కిలోలు."

బావ కళ్లు తెరిచాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు. మళ్లీ తొంభై మూడే. "ఓ విహానూ, మల్లోసారి జెప్పుమనురా, మా ఇంటామెను పిలుచుకొస్త," అని లుంగీ ఎత్తిపట్టి పరిగెత్తాడు. యాభై ఏళ్లలో బావ పరిగెత్తడం నేను చూడలేదు.

8వ రోజు

ఎక్కినవారు: 412. శాఖ పుట్టినప్పటి నుంచి ఇంత సంఖ్య లేదు.

అవతల దిగినవారు: 3. నేను, పిల్లి, పిల్లిని వెతుక్కుంటూ మళ్లీ నేను.

మిగతా నాలుగు వందల చిల్లర మంది మొదటి మెట్టు మీద నిలబడి, బరువు విని, పక్కవాళ్లకు వినిపించి, సంతోషంగా దిగి, చెయ్యి చూపిస్తూ కింద రోడ్డు దాటి వెళ్లిపోయారు. కొందరు నాకు థ్యాంక్స్ కూడా చెప్పారు.

9వ రోజు

చక్రం మార్చాను. ఈ చివర కాటా నిజం చెబుతుంది, ఆ చివర కాటా పదకొండు తగ్గించి చెబుతుంది. మెట్ల మొదట్లో బోర్డు పెట్టాను: 'వంతెన దాటినచో పదకొండు కిలోలు తగ్గును. అనుమానము ఉన్నవారు దాటి చూసుకొనగలరు.'

ఈ ప్రకటన మాత్రం అందరూ చదివారు.

11వ రోజు

అటు దాటినవారు: 530. ఇటు తిరిగి వచ్చినవారు: సున్నా.

"ఏంది బావా, వచ్చేటప్పుడు కింది నుంచి వచ్చినవ్?" అని అడిగాను.

బావ నన్ను జాలిగా చూశాడు. "ఏడో తరగతోనివి, నీకు సమజ్ గాదు. మీది నుంచి పోతే పదకొండు తగ్గినయ్. మల్ల మీది నుంచే వస్తే పోయిన పదకొండు తిరిగి రావా? అందుకే కింది నుంచి జర ఉపాయంగ వచ్చిన."

ఐదు వందల ముప్పై మందికీ ఎవరూ చెప్పకుండానే ఇదే ఉపాయం తట్టింది. ఈ పేట తెలివితేటలను తక్కువ అంచనా వేసినందుకు శాఖ తరఫున క్షమాపణ.

12వ రోజు

ఎక్కే మెట్టు నిజం, దిగే మెట్టు పదకొండు తక్కువ, ఏ దిక్కు నుంచి వచ్చినా అంతే. పెట్టెలో వైర్లు అటుదిటు చేశాను. ఒకసారి షాక్ కొట్టింది. ఆ క్షణంలో నా బరువు ఇరవై కిలోలని చెప్పింది, నిజమే కావచ్చు.

ఇప్పుడు పోనూ రానూ మీది నుంచే. రోజుకు ఇరవై రెండు కిలోలు తగ్గుతున్న ఆర్యన్ బావ తన చొక్కా ఇంకా అదే సైజు ఎందుకుందో అర్థంకాక దర్జీని అనుమానిస్తున్నాడు.

శ్లోక మేడం సంఖ్య చూసింది. "ఎలా చేశారు?" అంది.

"జనంలో చైతన్యం మేడం."

నవ్వలేదు కానీ పలక మీద ఏదో రాసుకుంది. మనిషి కరుగుతోంది.

16వ రోజు

దాటినవారు: 611. పేటలో సగం. మిగతా సగం ఇంకా కిందే, ఎందుకంటే హారికవ్వ కిందే. పొద్దున ఆమె గంపతో రోడ్డులోకి దిగగానే పాతిక మంది ఆమె వెనకాల బాతుపిల్లల్లా దిగుతారు. డొల్లలు నిలబడి చూస్తుంటాయి.

"అవ్వా, ఒక్కసారి ఎక్కరాదు? బరువు తగ్గుతవ్."

"ముప్పై ఎనిమిది కిలోలున్న. ఇంక పదకొండు తగ్గితే కొంగు గాలికి లేచినప్పుడు దాంతోపాటే నేను గూడ లేస్త."

ఇంకా పదిహేను రోజులు. నా దగ్గర బరువు చక్రం తప్ప మరో ఆయుధం లేదు, ఆమె దగ్గర బరువే లేదు.

21వ రోజు

ఈరోజు దండబండిని పరీక్షకు తెచ్చారు. కొత్త కోడలిని ఇంట్లోకి తెచ్చినట్టు మెల్లగా, సైకిలంత వేగంతో నడిపిస్తున్నారు. నేను వంతెన మీద, నడుమ బోర్డు ఊడిన సందు దగ్గరున్నాను. నలభై డొల్లలు ఒకదాని వెనక ఒకటి, తోక మలుపు అవతలే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడు హారికవ్వ గంపెత్తుకుని రోడ్డులోకి దిగింది. చెయ్యి చాపింది. మొహం మగ్గాల షెడ్డు వైపు.

అరవబోయాను. నా గొంతు నా జీవితంలో ఎన్నో పనికిమాలిన పనులు చేసింది, కావలసిన రోజు మాత్రం రాలేదు.

బండి కీచుమంది. గంపకు మూరెడు దూరంలో ఆగింది.

పేటంతా ఈలలు వేసింది. అవ్వ తాపీగా బొడ్డు సంచిలోంచి కుంకుమ తీసి బండి ముక్కుకు బొట్టు పెట్టింది. సర్వపిండి ముక్క తుంచి దాని ముందు పెట్టింది. "జూసిన్రా? కొత్తది గద, జర ఆలస్యంగ సమజైంది దానికి," అని అందరికీ వినబడేలా చెప్పి వెళ్లిపోయింది.

సైకిలంత వేగంలో మూరెడు దూరం. నూట ఎనభైలో? నా కాళ్ల వణుకు ఆగడానికి తొమ్మిది వందల మీటర్లు పట్టింది.

సాయంత్రానికి వంతెన దాటినవారు: 40. బావ కూడా కిందికి దిగాడు. "అవ్వ ఆపిందిరా, ఇంక మెట్లెందుకు?" అన్నాడు. బరువు తగ్గడం కంటే గెలవడం రుచిగా ఉంటుంది.

22వ రోజు

పరిహాసాలు మానేసి నిజం చెప్పి చూద్దామనుకున్నాను. నాకు అలవాటు లేని పని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వంతెన నుంచి అడుగులు లెక్కబెట్టుకుంటూ తొమ్మిది వందల మీటర్లు నడిచి, సుద్దముక్కతో గీత గీసి, హారికవ్వను అక్కడికి తీసుకొచ్చాను.

"అవ్వా, ఇగో, ఈడ బ్రేకేస్తే అది ఆడ, నువ్వు దాటే జాగల ఆగుతది. జూడు, ఎంత దూరముందో."

కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఆడ ఏం కనబడుతలేదురా."

"అదే జెప్పుతున్న అవ్వా!"

"మరి నేను దానికి కనబడకపోతే అదేం జేస్తదిరా, పాపం? దాని తప్పేముంది?"

ఆమెను బండి నుంచి కాపాడుదామని తీసుకొస్తే ఆమె బండి తరఫున వాదించింది. ఎండలో తొమ్మిది వందల మీటర్లు వెనక్కి నడిచాం, ఆమె నాకంటే ముందు.

26వ రోజు

ఆ 'కనబడకపోతే' అన్న మాట నాలుగు రోజులు నా బుర్రలో ఈగలా తిరిగింది. ఈరోజు వాలింది. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని రేకు మీద పిండి వత్తుతోంది.

"అవ్వా, నువ్వన్నదే రైటు. తప్పు దానిది గాదు. నువ్వు దానికి కనబడుతలేవు."

"ఇప్పుడొచ్చినవ్ దారికి."

"ఉరికేటప్పుడు దాని చూపు దూరంల ఉంటదట. కింద నిలబడ్డోల్లు చీమల లెక్క. గని మీద, వంతెన నడుమ నిలబడి చెయ్యి జూపినవనుకో, ఆకాశం మీద చెయ్యి! ఊరవతల నుంచే కనబడుతది. దూరం నుంచి జూస్తే ఆగడానికి టైముంటది."

చూపు దూరంలో ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అవ్వ పిండి వత్తడం ఆపింది.

"అంటే నేను మీదికెక్కి ఆపాల్నా?"

"నువ్వు గాక ఎవలు ఆపుతరు?"

"ఆపినంక కిందికి దిగి దాటాల్నా?"

దీని గురించి నేను ఆలోచించలేదు. మెడ గోక్కున్నాను. "ఎనుకకెందుకవ్వా? ఎట్లైనా సగం దూరం పోతవ్ గద. ఆ దిక్కు దిగితే షెడ్డే."

"మీది నుంచి దాటెటట్లుంటే ఆపుడెందుకురా?"

డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. ఒక్క పళ్లూడిన ప్రశ్న కూడా అడగదు.

"మర్యాదవ్వా," అన్నాను. "నువ్వు పోతుంటే నీ కింద నుంచి అది ఉరుకుడు బాగుంటదా?"

పొయ్యిలో కట్టె సర్దింది. రేకు తిప్పింది. "బాగుండదు," అంది చివరికి. "గని నేనొక్కదాన్నే ఎక్క. పేటంత రావాలె. అందరు చెయ్యి లేపాలె. ఒక్క చెయ్యంటే అది లెక్కజెయ్యకపోవచ్చు."

బయటికొచ్చి గోడచాటున గంతులేశాను. ఆ పిల్లి చూసింది. ఎవరికీ చెప్పదు.

28వ రోజు

రిహార్సల్. లిఫ్టులోంచి నిచ్చెనను, డబ్బాలను ఖాళీ చేయించి అవ్వను రమ్మన్నాను. "డబ్బాల నిలబడి ఎవలికి చెయ్యి జూపాలె?" అని మెట్లెక్కింది. మొదటి మెట్టు, "స్వాగతం. యాభై కిలోలు," అంది.

"గంప పన్నెండు ఉంటదే, దాన్ని తీసెయ్," అని కాటాతో కాసేపు కొట్లాడింది. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆయాసం తీర్చుకుంటూ తెగిన చెప్పులు తిరగేసి, తొమ్మిదింటిలో ఒక జత కలిపింది. సంరక్షకుడిగా సిగ్గుపడ్డాను.

వంతెనకూ మెట్లకూ రెండువైపులా నిలువెత్తు ప్రకటన బోర్డులుంటాయి, రోడ్డు కనబడదు. నడిమధ్యన మాత్రం ఒక బోర్డు ఊడి రెండడుగుల సందు ఉంది. అవ్వ ఆ సందులో నిలబడి దూరానికి చెయ్యి చాపి చూసుకుంది. గాలికి కొంగు లేచింది కానీ ఆమె లేవలేదు.

"ఇంత ఎత్తు నుంచి ఎన్నడు చెయ్యి జూపలేదురా," అంది. ఆ గొంతులో సంతోషం వినబడింది. ఆమె నిజంగానే ఆపబోతున్నాననుకుంటోంది.

31వ రోజు

ఉదయం తొమ్మిదిన్నర. ప్రారంభోత్సవం కదా, రోడ్డుకు రెండువైపులా శాఖవారు నిలువెత్తు షామియానా గుడ్డలు కట్టారు. ఇంకో వారంలో అవి మా పేటలో దుప్పట్లవుతాయి.

పేటంతా మెట్ల దగ్గరే. హారికవ్వ ముందు, వెనక నేను, నా వెనక బావ, ఆ వెనక ఎవరెవరో. అందరి కుడిచేతులూ పైకి. ఒక్కొక్కరు కాటా మీద కాలు పెడుతుంటే గొంతుకు ఊపిరాడటం లేదు: "స్వాగతం. డెబ్బై... స్వాగతం. అరవై... స్వాగతం. స్వాగతం." శ్లోక మేడం కూడా చెయ్యెత్తింది. ఆమె బరువు నలభై తొమ్మిది; లాగ్‌లో రాయొద్దంది.

సందులో ఇద్దరికే చోటు. అవ్వ, నేను. మిగతావాళ్లు బోర్డుల మధ్య వరుసగా ఆగారు. పది కొట్టింది. దూరాన దండబండి కనబడింది. అవ్వ చెయ్యి చాపింది, ఈసారి మొహం కూడా అటే. తొమ్మిది వందల మీటర్ల దూరంలో, నేను గీసిన గీత దగ్గర, దండబండి వేగం తగ్గించింది. వంతెన కిందికి వచ్చేసరికి నడకలోకి దిగింది. ఒక్క క్షణం ఆగింది. అవ్వకు మర్యాదగా రెండుసార్లు హారన్ కొట్టి, మళ్లీ బయల్దేరింది.

మెట్ల మీద కేకలు, ఈలలు. బావ ఏడ్చాడు. అవ్వ షెడ్డు వైపు దిగి గంప దించి, "ఏం రాసినవో అందరికి వినబడేటట్టు చదువు," అంది. చదివాను. రెండుసార్లు చదివించారు.

మీది నుంచి దాటినవారు: 1,186. కింది నుంచి: సున్నా.

32వ రోజు

లాగ్‌లో ఉన్నదున్నట్టు రాయాలన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఈ కాగితం ఎవరికీ చదివి వినిపించను.

నిన్న దండబండి ఆగలేదు. వేగం తగ్గించలేదు. ఆ ముక్క మొత్తం కల్పితం.

నలభై డొల్లలు పది సెకన్లలో మా పాదాల కింద నుంచి పోయాయి. వంతెన వణికింది. బోర్డుల వెనక ఉన్నవాళ్లకు చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. అవ్వ చెయ్యి అలాగే చాచి ఉంది. కింద రోడ్డు మీద, రోజూ తాను అడుగు పెట్టే చోట, షామియానా గుడ్డ చిరిగి కొట్టుకుంటోంది. ఆమె చాలాసేపు అక్కడే చూసింది. తర్వాత తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"ఆగలేదు గదరా."

"లేదవ్వా."

"నీకు ముందుగాలే ఎరికనా?"

"ఎరికే."

ఆ చెయ్యితోనే నా నెత్తిన ఒక్కటిచ్చింది. నాకింకా దిమ్మగానే ఉంది. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి మెట్ల వైపు చూసింది. చేతులు, చేతులు, చేతులు. అటు చివరి దాకా.

"ఆల్లకు జెప్పకు," అంది మెల్లగా. "చెప్పినవంటే ఇప్పుడే దిగుతరు. నెల దినాలెక్కితే కాళ్లకు అలవాటైతది. తర్వాత నిజం ఎరికైనా దిగబుద్ధి గాదు. ఆగిందని రాయి."

"అవ్వా, ఇది సర్కారు లాగ్."

"ఇన్నేండ్లు నేనాపిన గదరా. ఒక్కపారి నువ్వు ఆపితే ఏం బోయింది?" అంది. ఆ మాట అంటూనే ఆమెకు నవ్వొచ్చింది. పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. గంప నెత్తిమీద ఊగిపోయింది, పట్టుకున్నాను. "గట్టిగ ఆగిందని రాయి. హారన్ గూడ కొట్టిందని రాయి."

"దానికి హారన్ లేదవ్వా."

"లేకపోతే పెట్టు!"

పెట్టాను. ఆగినట్టు రాసిన అబద్ధం నాది. ఆ రెండు హారన్లు మాత్రం అవ్వవి.